మీకు తెలుసా? విలుకాడి ఒంటిమీద పిస్తోలు

సెప్టెంబరు వచ్చిందంటే అమెరికా పడమటి కొండల్లో, వయోమింగ్, మోంటానా రాష్ట్రాల అడవుల్లో, విల్లంబులతో ఎల్క్ వేట మొదలవుతుంది. ఎల్క్ అంటే మన కణుజుకు పెద్దన్నలాంటి దుప్పి. మగది మూడు క్వింటాళ్లకు పైగా తూగుతుంది. ఆ వేటగాళ్ల చేతిలో విల్లు, వీపున సంచి ఉండటం సరే, చాలామంది నడుముకో ఛాతీకో ఒక చిన్న తుపాకీ కూడా కట్టుకుంటారు. దానితో ఎల్క్‌ను కొట్టరు, కొట్టకూడదు కూడా. అది ఎలుగుబంటి మీదికొస్తే ప్రాణం కాపాడుకోవడానికి. విల్లుకు తోడుగా ఏ తుపాకీ మంచిదన్న వాదన ఏటా సీజన్‌కు ముందు అక్కడ మళ్లీ రాజుకుంటుంది. రివాల్వరా, పిస్తోలా, లేక మిరపకాయ ఘాటు నింపిన డబ్బానా? ఈ వాదనలో మన గుంటూరుకూ, హెచ్-1బి వీసాకూ కూడా చోటుంది. ఈసారి శీర్షికంతా దానికే.

చేయకూడనివన్నీ చేసేవాడు

గ్రిజ్లీ ఎలుగులు తిరిగే అడవికి వెళ్లేవారికి అక్కడి అటవీ సిబ్బంది చెప్పే జాగ్రత్తలు చాలా తేలిక. గుంపుగా నడవండి. గట్టిగా మాట్లాడుతూ, చప్పట్లు కొడుతూ నడవండి. తెల్లవారుజామున, మునిమాపు వేళ తిరగకండి. చచ్చిన జంతువు కనబడితే ఆ దరిదాపుల్లో నిలబడకండి.

విలుకాడికి వీటిలో ఒక్కటీ కుదరదు. బాణం గురిగా తగలాలంటే జంతువుకు 20, 30 గజాల దగ్గరికి చేరాలి. కాబట్టి ఆకుల రంగు బట్టలు తొడుక్కుని, అడుగు చప్పుడు కాకుండా, తన వాసన ముందుకు పోకుండా గాలికి ఎదురు నడుస్తాడు. చీకటి విడిపోకముందే అడవిలో ఉంటాడు. పైగా అది ఎల్క్‌లు జతకట్టే కాలం. ఆడ ఎల్క్ కూతను చిన్న పరికరంతో అనుకరిస్తూ మగదాన్ని దగ్గరికి రప్పిస్తాడు. ఆ కూత వినేది ఎల్క్ ఒక్కటేనా? పొదలో పొంచి ఉన్న కొండ సింహానికీ (ప్యూమా), ఆకలిమీదున్న ఎలుగుకూ అది భోజనానికి పిలుపు.

ఎలుగు ఆకలి అంటే ఆ నెలల్లో మామూలు ఆకలి కాదు. చలికాలపు నిద్రకు ముందు ఒంట్లో కొవ్వు కూడబెట్టుకోవడానికి అది రోజుకు 20,000 కేలరీల దాకా తింటుంది. మనలో ఒళ్లువంచి పనిచేసే మనిషి వారం రోజుల తిండి అది. వేట సీజన్, ఈ ఆకలి సీజన్ ఒకేసారి రావడంలోనే ముప్పంతా ఉంది.

బాణం తగిలాక

తుపాకీ గుండు జంతువును చాలాసార్లు నిలబడ్డచోటే కూలుస్తుంది. బాణం పనిచేసే తీరు వేరు. దాని మొనకున్న పదునైన రేకులు లోపలి అవయవాలను కోసుకుంటూ పోతాయి, రక్తం పోయి జంతువు పడిపోతుంది. అందుకే బాణం తగిలిన వెంటనే వెంటపడకూడదని విలుకాళ్లకు మొదటి రోజే నేర్పుతారు. కనీసం అరగంట ఆగాలి. దెబ్బ ఊపిరితిత్తులకు కాకుండా కడుపుకు తగిలిందనిపిస్తే గంటల తరబడి, ఒక్కోసారి తెల్లవారేదాకా ఆగాలి. తొందరపడి తరిమితే ఆ జంతువు మైళ్ల దూరం పోయి, ఎవరికీ దొరకకుండా చస్తుంది.

ఆ ఆగిన సమయంలో అడవిలో రక్తం వాసన వ్యాపిస్తుంది. ఎలుగుకు కళ్లకంటే ముక్కు బలం.

2018 సెప్టెంబరు 14న వయోమింగ్‌లోని టీటన్ అరణ్యంలో జరిగింది ఇదే. ముందురోజు ఒక వేటగాడు బాణంతో ఎల్క్‌ను కొట్టాడు. మర్నాడు అతనూ, అతని గైడూ వెతుక్కుంటూ వెళ్లి, పడి ఉన్న ఎల్క్‌ను కోసే పనిలో ఉండగా ఒక తల్లి గ్రిజ్లీ, దాని ఎదిగిన పిల్ల పైనుంచి దూసుకొచ్చాయి. గైడ్ దగ్గర ఎలుగుల మీద కొట్టే మిరప ఘాటు స్ప్రే ఉంది. పిస్తోలు మాత్రం కొన్ని గజాల అవతల సంచుల దగ్గర ఉంది. ఆ పిస్తోలు వేటగాడి చేతికి అందింది గానీ అతను పేల్చలేకపోయాడు. చివరికి గైడ్ వైపు విసిరాడు, అది ఆయనకు అందలేదు. వేటగాడు గాయాలతో బయటపడ్డాడు. గైడ్ ప్రాణం పోయింది.

పిస్తోలు మంచిదే. తూటాలూ మంచివే అయి ఉంటాయి. ఉన్న చోటు మంచిది కాలేదు. మాంసం కోసేటప్పుడు వంగడానికి అడ్డమొస్తుందని నడుము మీది బరువు తీసి పక్కన పెట్టడం ఎవరైనా చేసే పనే. ఆయన తప్పెంచడానికి ఇది రాయడం లేదు. ఏ తుపాకీ కొనాలని అడిగేవారు ముందుగా తమను తాము వేసుకోవలసిన ప్రశ్న ఈ ఒక్క సంఘటనలో ఉంది గనుక రాస్తున్నాను: మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ రక్తంతో ఉన్నప్పుడు అది నా ఒంటిమీదే ఉంటుందా?

అమెరికాకు విల్లు వేట మళ్లీ నేర్పింది ఎవరు?

ఇషీ. కాలిఫోర్నియా ఆదివాసులైన యాహి తెగలో మిగిలిన చివరి మనిషి. 1911 ఆగస్టులో ఓరోవిల్ ఊరి శివార్లలో ఒంటరిగా, ఆకలితో కనబడ్డాడు. విశ్వవిద్యాలయం వాళ్లు మ్యూజియంలో చోటిచ్చారు. అక్కడి వైద్యుడు శాక్స్‌టన్ పోప్ ఆయన దగ్గర విల్లు చెక్కడం, బాణాలు కట్టడం, జంతువును సమీపించడం నేర్చుకున్నాడు. పగిలిన సీసా పెంకుతో కూడా ఇషీ బాణపు మొనలు చెక్కేవాడు. 1916లో క్షయతో పోయాడు. పోప్ తన మిత్రుడు ఆర్థర్ యంగ్‌తో కలిసి 1920లో ఒక మ్యూజియం కోసం గ్రిజ్లీలను బాణాలతో వేటాడాడు. ఇవాళ అమెరికాలో విలుకాళ్ల పెద్ద సంఘం పేరు పోప్ అండ్ యంగ్ క్లబ్. ఆ పేరులో ఇషీ లేడు. ఉండవలసింది.

రెండు సెకన్లు

మళ్లీ ఎలుగు దగ్గరికి వద్దాం. గ్రిజ్లీ పరుగు గంటకు 35 మైళ్లు, అంటే సుమారు 56 కిలోమీటర్లు. సెకనుకు 15 మీటర్లు. దట్టమైన చెట్ల మధ్య అది మీకు కనబడేదే 30 మీటర్ల దూరంలో అయితే మీ చేతిలో ఉన్న సమయం రెండు సెకన్లు. దాంట్లోనే చూడాలి, అది ఎలుగని గుర్తించాలి, విల్లు వదిలేయాలి, ఒర బొత్తం తీయాలి, పిస్తోలు లాగాలి, గురిపెట్టాలి.

చదువుతూ ఒకసారి లెక్కపెట్టి చూడండి: ఒకటి, రెండు. అంతే.

పైగా ఎలుగు నిలువుగా, సినిమాల్లోలాగా రెండు కాళ్ల మీద లేచి రాదు. అలా లేచేది చుట్టూ చూడటానికి, వాసన పట్టడానికి. మీదికొచ్చేటప్పుడు తల వంచి, నేలబారుగా, ఎగుడుదిగుడుగా ఊగుతూ వస్తుంది. కాగితం మీద నిలబెట్టిన గుర్తును నిదానంగా కాల్చి నేర్చుకున్న గురి అక్కడ సగం కూడా పనికిరాదు.

నారికి తగలని ఒర

ఇది విలుకాళ్లకు మాత్రమే ఉన్న చిక్కు. తుపాకీ దుకాణంలో ఎవరూ చెప్పరు.

మామూలు నడకరి అయితే నడుముకు కుడివైపు ఒర కట్టుకుంటాడు. కానీ వేటగాడి సంచికి నడుము చుట్టూ వెడల్పాటి పట్టీ ఉంటుంది, మాంసం మోయాలి గనుక. ఆ పట్టీ కింద పిస్తోలు ఇరుక్కుపోతుంది. అందుకని చాలామంది ఛాతీ మీద అడ్డంగా కట్టే ఒరకు మారారు. అలాస్కా చేపల గైడ్లలో అది బాగా వాడుకలో ఉంది, నీళ్లలో నడుందాకా దిగినా తడవదు.

విల్లు లాగేవాడికి మాత్రం ఛాతీ అంటే నారి వచ్చే దారి. కుడిచేతివాటం విలుకాడు ఎడమచేత్తో విల్లు పట్టుకుని, ఎడమ భుజం ముందుకు పెట్టి, నారిని కుడి దవడ దాకా లాగుతాడు. ఒర కొంచెం ఎత్తుగా ఉన్నా, ఎడమకు జరిగినా వదిలిన నారి దానికి తగులుతుంది. బాణం పక్కకు పోతుంది. ఒక్కసారి అలా జరిగితే మనిషి ఆ ఒరను తీసి సంచిలో పడేస్తాడు, ఇక అది ఉన్నా లేనట్టే. అనుభవజ్ఞులు ఒరను ఛాతీకి కిందుగా, పక్కటెముకల చివర కట్టుకుని, పూర్తి వేషంలో, సంచితో సహా, ఇంటి దగ్గరే వంద బాణాలు వేసి చూసుకుంటారు.

ఇంకో చిన్న సంగతి. ఇప్పటి కాంపౌండ్ విల్లుల నారిని వేళ్లతో లాగేవారు తక్కువ. మణికట్టుకు పట్టీతో కట్టుకునే రిలీజ్ అనే కొక్కెం వాడతారు. నారి వదిలాక ఆ కొక్కెం అరచేతి మీదే వేలాడుతూ ఉంటుంది. అదే చేత్తో పిస్తోలు పిడి పట్టుకోవాలి. కొక్కెం పిడికీ చేతికీ నడుమ ఇరుక్కుంటే పట్టు కుదరదు. దాన్ని వెనక్కి తిప్పి పట్టుకోవడం కూడా సాధన చేయవలసిన విషయమే.

పెద్దది మంచిదా?

1955లో స్మిత్ అండ్ వెసన్, రెమింగ్టన్ కంపెనీలు కలిసి .44 మాగ్నమ్ రివాల్వర్‌ను, దాని తూటాను తెచ్చాయి. దాని కోసం ఏళ్ల తరబడి పోరినవాడు ఎల్మర్ కీత్ అనే ఐడహో పశువుల కాపరి, తుపాకుల మీద వ్యాసాలు రాసేవాడు. 1971లో డర్టీ హ్యారీ సినిమాలో క్లింట్ ఈస్ట్‌వుడ్ దాన్ని పట్టుకున్నాక ప్రపంచమంతా పేరు మోగింది. ఎలుగుల దేశంలో మాత్రం సినిమాతో పనిలేకుండానే అది అప్పటికే నడుముల మీదికెక్కింది. ఆ తర్వాత ఇంకా బలమైనవి వచ్చాయి. 2003లో వచ్చిన .500 మాగ్నమ్ రివాల్వర్ పొడుగు గొట్టం రకం రెండు కిలోల బరువు, పట్టేది ఐదే తూటాలు.

బలం పెరిగేకొద్దీ తుపాకీ వెనక్కి తన్నే తన్నూ పెరుగుతుంది. ఒక గుండు పేలాక గొట్టం ఆకాశం చూస్తుంది, దాన్ని దించి మళ్లీ గురిపెట్టేలోపు ఎలుగు ఇంకో పది మీటర్లు వస్తుంది. మణికట్టు నొప్పెడుతుందని సాధనకు వెళ్లడం మానేసినవాడి చేతిలో ఎంత పెద్ద తుపాకీ అయినా బరువే. నా అభిప్రాయం అడిగితే, మీరు వరసగా నాలుగు గుళ్లు గురి తప్పకుండా వేయగలిగిన వాటిలో పెద్దది ఏదో అదే మీ తుపాకీ. దుకాణం అద్దాల వెనుక మెరిసేదానితో మీకు పనిలేదు.

రివాల్వర్‌కు ఒక గుణం ఉంది, పిస్తోలు అభిమానులు కూడా ఒప్పుకుంటారు. ఎలుగు మీద పడిపోయాక గొట్టాన్ని దాని ఒంటికి ఆనించి కాల్చినా పేలుతుంది. పిస్తోలు మొనను గట్టిగా నొక్కితే పైనున్న స్లయిడ్ కాస్త వెనక్కి జరిగి, పేలకుండా ఆగిపోవచ్చు. మరి పిస్తోలు గుణం? ఐదారుకు బదులు పదిహేను తూటాలు, తక్కువ తన్ను, చదునుగా ఒంటికి అంటిపెట్టుకుని ఉండే ఆకారం.

పోలీసులు వద్దన్నది వేటగాళ్లకు వరమైంది

10 మిల్లీమీటర్ల పిస్తోలు తూటా 1983లో వచ్చింది. 1986 ఏప్రిల్‌లో మయామీలో దొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. తమ తూటాలు దుండగుడి ఒంట్లోకి చాలినంత లోతుకు దిగలేదని తేలాక ఎఫ్‌బీఐ ఈ 10 మిల్లీమీటర్ల వైపు చూసింది. చాలామంది ఏజెంట్లకు దాని తన్ను భారమైంది. కొన్నేళ్లకే దాన్ని కుదించి చేసిన .40 రకానికి మారిపోయారు. 10 మిల్లీమీటర్లు మూలన పడుతుందనుకున్నారు.

అది లేచి వచ్చింది ధ్రువపు మంచులో. ఈశాన్య గ్రీన్‌లాండ్‌ను డెన్మార్క్ సైన్యం కుక్కల బండ్ల మీద కాపలా కాస్తుంది. సిరియస్ అని ఆ దళం పేరు. ఇద్దరేసి జవాన్లు నెలల తరబడి మంచులో తిరుగుతారు. వారి భుజాన రైఫిల్ ఉంటుంది, నడుముకు మాత్రం ధ్రువపు ఎలుగు కోసం 10 మిల్లీమీటర్ల గ్లాక్ 20 కడతారు. ఆ పిస్తోలు 15 తూటాలు పడుతుంది. అలాస్కా, మోంటానా విలుకాళ్లలో ఇవాళ .44 రివాల్వర్‌తో సమానంగా వినబడే పేరు అదే.

తూటా విచ్చుకోకూడదు

మనుషుల నుంచి రక్షణకు అమ్మే తూటాల మొన లోపల బోలుగా ఉంటుంది. తగలగానే పువ్వులా విచ్చుకుని అక్కడే ఆగిపోతుంది. ఎలుగు విషయంలో అదే లోపం. మందమైన బొచ్చు, కొవ్వు, కండ, ఎముక దాటి లోపలి దాకా దిగాలంటే మొన విచ్చుకోకుండా ఉండాలి. అందుకని సీసంలో తగరం, యాంటిమొనీ కలిపి గట్టిగా పోతపోసిన చదును మొన తూటాలు వాడతారు.

దీనికి పేరుపడ్డ ఉదాహరణ 2016లో అలాస్కాలో జరిగింది. చేపలు పట్టడానికి వచ్చినవారిని వెంటబెట్టుకుని వెళ్తున్న ఒక సీనియర్ గైడ్ మీదికి గ్రిజ్లీ వచ్చింది. ఆయన దగ్గరున్నది 9 మిల్లీమీటర్ల చిన్న పిస్తోలు. ఎలుగుకు అది చాలదని ఎవరైనా అంటారు. గట్టి పోత తూటాలు వేసి ఉంచుకున్నందువల్లా, దశాబ్దాల అనుభవంతో చెయ్యి వణకనందువల్లా ఆ ఎలుగును కూల్చి అందరినీ కాపాడాడు. ఈ కథ విని 9 మిల్లీమీటర్లు చాలునని తీర్మానించేవారిని చూస్తే నాకు భయం. అందరికీ ఆ చెయ్యి ఉండదు.

లెక్కలు ఏమంటున్నాయి?

టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో అనే ఇద్దరు ఎలుగు పరిశోధకులు, మరికొందరితో కలిసి అలాస్కా రికార్డులన్నీ తవ్వారు. 2008లో స్ప్రే మీద, 2012లో తుపాకుల మీద వారి పత్రాలు వచ్చాయి.

స్ప్రే వాడిన 83 సంఘటనల్లో గోధుమరంగు ఎలుగులు (గ్రిజ్లీలు ఈ జాతివే) పదింట తొమ్మిదిసార్లకు పైగా, 92 శాతం, తాము చేస్తున్న పని ఆపేశాయి. నల్ల ఎలుగుల్లో 90 శాతం. దగ్గర నుంచి ఎలుగుకు ఎదురుపడి స్ప్రే వాడినవారిలో 98 శాతం మందికి గాయమే కాలేదు. తుపాకుల పత్రంలో 1883 నుంచి 2009 దాకా జరిగిన 269 సంఘటనలున్నాయి. చిన్న తుపాకులు 84 శాతం, రైఫిళ్ల వంటి పొడుగు తుపాకులు 76 శాతం సందర్భాల్లో పనిచేశాయి. పొడుగు తుపాకీ కంటే చిన్నదే మెరుగ్గా కనబడటం చూసి ఆశ్చర్యపోకండి. చిన్నది ఒంటిమీద ఉంటుంది.

ఈ రెండు అంకెలనూ ఒకే తక్కెడలో వేసి తూచి, స్ప్రే గెలిచిందని కొట్టిపారేసేవారున్నారు. అది న్యాయం కాదు. స్ప్రే లెక్కల్లో మీదికి దూకినవాటితో పాటు తిండి వాసనకు ఊరికే దగ్గరికొచ్చిన ఎలుగులూ ఉన్నాయి. తుపాకీ లెక్కల్లో పత్రికలకెక్కిన ఘోరమైన దాడులు ఎక్కువ. అయినా తుపాకీ పత్రంలో నేను మళ్లీ మళ్లీ చదివిన భాగం ఒకటుంది. తుపాకీ ఎందుకు విఫలమైందన్న కారణాల పట్టిక అది. అన్నిటికంటే మొదటిది సమయం చాలకపోవడం. తర్వాత, ఉండి కూడా వాడలేకపోవడం. ఆపైన తుపాకీ ఇరుక్కుపోవడం, ఎలుగు మరీ దగ్గరికి వచ్చేయడం, గురి తప్పడం, తూటాలు అయిపోవడం, సేఫ్టీ బొత్తం సమయానికి తీయలేకపోవడం, కాలు తట్టుకుని పడిపోవడం.

క్యాలిబర్, అంటే తూటా సైజు, చాలకపోవడం ఆ పట్టికలో లేదు.

గుంటూరు ఘాటు

బేర్ స్ప్రేలో ఉండేది మిరపకాయకు కారం ఇచ్చే క్యాప్సైసిన్. గుంటూరు యార్డులో బస్తా విప్పగానే కళ్ల నీళ్లు తెప్పించేదీ అదే పదార్థం. అమెరికాలో ఎలుగుల కోసం అమ్మే డబ్బాలో అది, దాని జాతి పదార్థాలు కలిపి 1 నుంచి 2 శాతం ఉండాలి. డబ్బా కనీసం 7.9 ఔన్సులు, అంటే సుమారు 225 గ్రాములు ఉండాలి. పాతికడుగుల దూరమైనా చిమ్మాలి. ఆడపిల్లలు చేతిసంచిలో పెట్టుకునే చిన్న పెప్పర్ స్ప్రే దీనికి బదులు కాదు. అది సన్నని ధార. ఇది మబ్బులా కమ్ముకునే పొగ, గురి కాస్త అటూ ఇటూ అయినా ఎలుగు దాంట్లో నుంచే రావాలి. విలుకాడికి ఇంకో మేలు కూడా ఉంది, ఎడమచేతిలో విల్లు ఉండగానే కుడిచేత్తో వాడొచ్చు.

దోమల మందులా ముందే ఒంటికో గుడారానికో కొట్టుకునేవారు కూడా ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఎగజిమ్మినప్పుడు కళ్లూ ముక్కూ మండించే ఆ ఘాటు, ఆరిపోయి నేల మీద మిగిలాక ఎలుగుకు ఇష్టమైన వాసనవుతుంది. అలాస్కాలో స్ప్రే పడిన చోట గోధుమరంగు ఎలుగులు వాసన చూస్తూ, తల రుద్దుకుంటూ, వెల్లకిలా పొర్లుతూ ఉండటాన్ని స్మిత్ స్వయంగా చూసి 1998లో రాశాడు. మనకు ఆవకాయ వాసన ఎలాగో దానికి అది అలాగ.

స్ప్రేకు లోపాలు లేవనను. ఎదురుగాలి వీస్తే మన ముఖానే పడుతుంది. గట్టి వానలో దూరం పోదు. డబ్బా ఏడెనిమిది సెకన్లలో ఖాళీ అవుతుంది. అందుకే నా తీర్పు ఇది: విల్లుతో వెళ్లేవారికి స్ప్రే మొదటిది, తుపాకీ రెండోది. రెండూ ఒంటిమీదే ఉండాలి, ఒకదాని చోటు ఒకటి తీసుకోకూడదు.

కాల్చాక ఏమవుతుంది?

అలాస్కా మినహా అమెరికాలోని గ్రిజ్లీలకు 1975లో చట్టరక్షణ వచ్చింది. అప్పటికి ఎల్లోస్టోన్ చుట్టుపక్కల 136 మిగిలాయని అంచనా. ఇప్పుడు సుమారు వెయ్యి ఉంటాయని అంచనా. ప్రాణరక్షణకు కాల్చడం నేరం కాదు గానీ ఐదు రోజుల్లోగా ప్రభుత్వానికి తెలియజేయాలి, విచారణ జరుగుతుంది. అలాస్కాలో అయితే ఎలుగు చర్మం, గోళ్లతో సహా, పుర్రెతో సహా ఒలిచి ప్రభుత్వానికి అప్పజెప్పాలి. తిండి బయట పారేసి ఎలుగును రప్పించుకున్నవాడికి ఆత్మరక్షణ వాదన చెల్లదు.

విల్లు సీజన్‌లో పిస్తోలు ఉండొచ్చా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఉండొచ్చన్న చోట కూడా బాణం తగిలి కొట్టుకుంటున్న జంతువును పిస్తోలుతో ముగించడం చాలాచోట్ల కుదరదు. లైసెన్స్ తీసుకునేటప్పుడే ఆ ఏటి నిబంధనల పుస్తకం చదువుకోవడం ఒక్కటే దారి.

హెచ్-1బి మీద ఉన్నవారికి

డాలస్‌లోనో సియాటిల్‌లోనో ఉద్యోగం చేస్తూ, సెలవుల్లో ఎల్లోస్టోన్, గ్లేసియర్ పార్కులకు కార్లలో వెళ్లే తెలుగువారు వేలల్లో ఉంటారు. వారిలో చాలామందికి తెలియని సంగతి: హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా కేంద్ర చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉన్నవారికి మినహాయింపు ఉంది. అలాంటి మినహాయింపు లేకుండా స్నేహితుడి పిస్తోలు సరదాకు నడుముకు కట్టుకున్నా చిక్కే, వీసాకే ఎసరు రావచ్చు. లాయరును అడగకుండా ఆ జోలికి పోకండి.

స్ప్రేకు ఆ బాధ లేదు. అయితే దాన్ని విమానంలో తీసుకెళ్లనివ్వరు, సామానులో పెట్టినా సరే. ఎల్లోస్టోన్ చుట్టుపక్కల ఊళ్లలో అద్దెకూ దొరుకుతుంది, అమ్మకానికీ దొరుకుతుంది. కాలిఫోర్నియాలోని యోసెమిటీ పార్కులో మాత్రం నిషేధం, అక్కడ గ్రిజ్లీలు లేవు.

మన దగ్గర

మనకు వేట లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని సవరణలు దాన్ని మూసేశాయి. కానీ ఆ చట్టంలోనే 11వ సెక్షన్ ఉంది: తన ప్రాణాన్నో, ఇంకొకరి ప్రాణాన్నో కాపాడటానికి సద్భావంతో జంతువును గాయపరిచినా, చంపినా నేరం కాదు. ఆ సమయానికి అతను చట్టవిరుద్ధమైన పనిలో ఉండకూడదు. చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి అవుతుంది. అలాస్కా నియమానికీ మన నియమానికీ ఎంత దగ్గర పోలికో చూడండి.

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని పొట్టనపెట్టుకున్నాక తిరుమల తిరుపతి దేవస్థానం కాలినడక భక్తులకు చేతికర్రలు ఇచ్చింది. కర్రతో చిరుతను ఆపగలమా అని అప్పుడు చాలామంది అడిగారు. చిరుత అయినా, కొండ సింహమైనా వెనకనుంచి, ఒంటరిగా, చిన్నగా కనబడేవారి మీదికే వస్తుంది. గుంపుగా నడవాలి, పిల్లలను నడుమ ఉంచాలి, ఎదురుపడితే వీపు చూపి పరిగెత్తకుండా చేతులెత్తి పెద్దగా కనబడి అరవాలి. ఈ మూడూ చేసే మనిషి చేతిలో కర్ర కూడా పనిచేస్తుంది.

చివరగా, డబ్బా అడుగున

ప్రతి బేర్ స్ప్రే డబ్బా మీదా గడువు తేదీ ముద్రించి ఉంటుంది. చాలావాటికి సుమారు నాలుగేళ్లు. లోపలి మిరప ఘాటు అంత త్వరగా చావదు గానీ, దాన్ని బయటికి చిమ్మే వాయువు కొద్దికొద్దిగా కారిపోతూ ఉంటుంది. గడువు దాటిన డబ్బా మీట నొక్కితే ఎలుగు దాకా పోకుండా కాళ్ల దగ్గరే జారిపోవచ్చు. మీ పిల్లలో, అల్లుడో ఈ ఏడు ఆ కొండలకు వెళ్తుంటే ఫోన్‌లో ఒక్కమాట అడగండి: డబ్బా ఎప్పుడు కొన్నది, కారు డిక్కీలో ఉందా, నడుము మీద ఉందా?